ఆపిల్ మొదలుకు గడ్డి కప్పమనే సందేశం గురించి

"చలి ప్రాంతాల్లో పెరటి పండ్లతోటకు ఏడు సూత్రాలు" అనే సందేశం ఈ నెలలో నాకు నాలుగోసారి వచ్చింది. పంపినవారందరూ నా మేలు కోరేవారే. వారిలో ఇద్దరు ఈ ఏడాదే మొదటిసారి మొక్కలు నాటబోతున్నారు కనుక ఊరుకోలేక రాస్తున్నాను. గింజతోనే చెట్టు పెంచండి, ఒక్కో జాతి పండుకు ఒక్క చెట్టు చాలు, ఎండ బాగా కాసే గోడ పక్కన నాటండి, చలి మొదలయ్యే ముందు యూరియా దండిగా వేయండి, మొదలు చుట్టూ ఎండుగడ్డి మందంగా కప్పి చెట్టును వెచ్చగా ఉంచండి, కాండానికి తెల్లరంగు పూయండి, సాయంత్రం పూటే నాటండి: ఇవీ ఆ ఏడు.

చివరిదాని గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. ఆకులు రాలి నిద్రలో ఉన్న మొక్కను ఏ పూట నాటినా ఒకటే, వేళ్ళు ఆరిపోకుండా చూసుకుంటే చాలు.

తిన్న ఆపిల్ గింజను నాటితే చెట్టు వస్తుంది గానీ ఆ ఆపిల్ రాదు. ప్రతి గింజా ఒక కొత్త రకమే, పైగా దాని కాపు చూడడానికి ఆరు నుంచి పదేళ్ళు పట్టవచ్చు. ఎం9 వంటి పొట్టి వేరుమొక్క (అంటుకు వేళ్ళనిచ్చే కింది మొక్క) మీద కట్టిన అంటు రెండు మూడేళ్ళకే కాయడం మొదలుపెడుతుంది, ఎత్తు కూడా సుమారు మూడు మీటర్ల దగ్గర ఆగుతుంది. అయితే అంటు కట్టిన చోటు నేలకు కనీసం నాలుగు వేళ్ళ ఎత్తున ఉండాలి. అది మట్టిలో పూడిపోతే పై భాగం సొంతంగా వేళ్ళు వేసుకుంటుంది, మనం కోరుకున్న పొట్టితనం పోతుంది.

ఒక్కో జాతి పండుకు ఒక్క చెట్టు చాలన్న మాట పీచ్‌కూ పుల్ల చెర్రీకీ సరిపోతుంది. ఆపిల్‌లోనూ తీపి చెర్రీలోనూ చాలా రకాలు అదే సమయంలో పూసే మరో రకం దగ్గరలో లేకపోతే సరిగా కాయవు. ఒకే రకం చెట్లు రెండు నాటినా ఉపయోగం లేదు, ఎందుకంటే అంటుతో పెంచిన ఆ రెండూ ఒకే చెట్టు కొమ్మల కిందే లెక్క.

ఇక మిగిలిన సూత్రాల్లో మూడింటికి మూలం ఒకే పొరపాటు: చలి చెట్టుకు శత్రువనీ, దాన్ని ఎలాగైనా వెచ్చబరచాలనీ అనుకోవడం. ఆపిల్‌కు చలి కావాలి. చాలా రకాలకు ఏడు డిగ్రీల లోపు చలి 800 నుంచి 1,000 గంటల వరకు అందితేనే వసంతంలో మొగ్గలు సవ్యంగా విచ్చుకుంటాయి. గాఢనిద్రలో ఉన్నప్పుడు సున్నాకు దిగువ 30 డిగ్రీలను కూడా తట్టుకునే రకాలున్నాయి. అదే చెట్టు పూత విచ్చుకున్నాక, సున్నాకు దిగువ 2.2 డిగ్రీల చలి అరగంట ఉంటే పూలలో పదోవంతు చస్తాయి, 3.9 డిగ్రీలకు దిగితే పదింట తొమ్మిది పోతాయి. ఎండ గోడ పక్కన నాటితే పూత ముందే వస్తుంది, అంటే మంచు రాత్రులకు ఎదురు వెళ్తుంది. అసలే తొందరగా పూసే ఆప్రికాట్‌ను అక్కడ నాటడం మరీ నష్టం. శరత్కాలపు యూరియా కూడా ఇటువంటిదే. నిద్రకు సిద్ధమవవలసిన చెట్టును అది మళ్ళీ చిగురింపజేస్తుంది, ఆ లేత చిగుళ్ళు గట్టిపడక ముందే గడ్డకట్టి నల్లబడతాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఎండుగడ్డి. దుప్పటి మనకు వెచ్చగా ఉంటుందంటే, మన ఒంట్లో పుట్టే వేడిని అది పోనివ్వదు కనుక. చెట్టు కాండంలో అలా పుట్టే వేడి ఏముంది, గడ్డి ఆపడానికి? ఆ గడ్డి వెచ్చబరిచేది చిట్టెలుకలను మాత్రమే. నాలుగేళ్ళు పెంచిన నా ఆపిల్ చెట్టుకు నేనూ ఒక శరత్కాలంలో ఇలాగే మోకాలెత్తున గడ్డి కప్పాను. మంచు కరిగాక గడ్డి తొలగిస్తే, నేలకు జానెడు ఎత్తు వరకు చుట్టూ బెరడు లేదు. తెల్లటి చెక్క మీద సన్నని ఉలితో గీసినట్టు జంట జంటగా పంటి గాట్లు, పక్కనే గడ్డిపరకలతో అల్లుకున్న గూడు. అయినా ఆ చెట్టు చిగురించింది, పూసింది కూడా. నీళ్ళు చెక్కలోంచి పైకి వెళ్తాయి కనుక కొమ్మలకు కొన్నాళ్ళు ఏమీ తెలియలేదు. ఆకులు చేసిన ఆహారం మాత్రం బెరడు లోపలి పొరలోంచే వేళ్ళకు దిగాలి. ఆ దారి తెగిపోవడంతో వేళ్ళు ఆకలితో చచ్చాయి, వేసవి నడుమ ఆకులన్నీ ఒక్క వారంలో వాడిపోయాయి. ఈ ఒక్క వాక్యాన్ని ఆలోచించకుండా ముందుకు పంపేవారు ఎదుటివారి నాలుగేళ్ళ శ్రమను ఎలుకలకు అప్పగిస్తున్నారు, ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

గడ్డి వేళ్ళ మీద పరిస్తే మంచిదే, కానీ కాండానికి జానెడు దూరం వదలాలి. కాండం చుట్టూ ఆరు మిల్లీమీటర్ల కన్నుల ఇనుప వలను వదులుగా చుట్టి, అడుగు అంచును నేలలోకి దించి, పై అంచు మంచు పేరుకునే మట్టానికి మించి ఉండేలా చూడాలి. బెరడు ఇంకా కొరకలేదన్న నమ్మకంతో వల వాయిదా వేయవద్దు, మంచు కింద ఎలుకల తిరుగుడు మనకు కనబడదు.

తెల్లరంగు విషయంలో మాత్రం నేను పొరబడ్డాను. అది అలంకారమేనని చాలాకాలం కొట్టిపారేశాను. చలికాలపు మధ్యాహ్నం ఎండకు కాండం ఒక పక్క వేడెక్కి, అక్కడి కణాలు నిద్ర వీడి, పొద్దు గుంకగానే గడ్డకట్టి చనిపోతాయి. వసంతంలో ఆ పక్కనే బెరడు నిలువునా చీలుతుంది. తెలుపు ఆ ఎండను తిప్పికొడుతుంది. నీళ్ళతో కలిసే తెల్ల గోడరంగులో సమానంగా నీళ్ళు కలిపి, చలి ముదరకముందే, మొదటి కొమ్మల దాకా పూయాలి. సందేశంలో చెట్టును వెచ్చబరచకుండా చల్లగా ఉంచే సూత్రం ఇదొక్కటే. మిత్రులకు పంపాలనిపిస్తే, దయచేసి దీన్నొక్కదాన్నే పంపండి.