బర్గర్ వారి బొమ్మల కొలువు

ఒకటికీ తొమ్మిదికీ మధ్య ఏడు అంకెలుంటాయని మా లెక్కల మాస్టారు బెత్తం పట్టుకుని మరీ నేర్పారు. పాపం, ఆయనకి అమెరికా వ్యాపార గణితం తెలీదు. అందులో తొమ్మిదే ఒకటి.

మెక్‌డొనాల్డ్స్ కంపెనీ వారి లెక్క ప్రకారం వాళ్ళ మొట్టమొదటి దుకాణం 1955 ఏప్రిల్ 15న ఇలినాయ్ రాష్ట్రంలోని డెస్ ప్లెయిన్స్‌లో రే క్రాక్ గారు తెరిచినది. అంతకు ముందే ఆ పేరుతో, ఆ పసుపు తోరణాలతో కాలిఫోర్నియాలోనూ చుట్టుపక్కలా బర్గర్లు అమ్ముడుపోతున్నాయి కదా, క్రాక్ గారిది వరసలో తొమ్మిదోది కదా అని మీలాంటి చాదస్తులు అడుగుతారు. ఆ ముందరివన్నీ రిహార్సల్. నాటకం మొదలైంది తొమ్మిదో దుకాణంతోనే.

సరే, మొట్టమొదటిది అన్నాక కాపాడుకోవాలి. ఎలా కాపాడారో చూడండి. 1984లో దాన్ని నేలమట్టం చేశారు. ఆ వెంటనే అదే చోట, పాత ప్లాన్లు బయటికి తీసి అచ్చం అలాంటిదే ఇంకోటి కట్టారు. దానికి 'ఒకటో నెంబరు దుకాణం మ్యూజియం' అని పేరు పెట్టారు. పురావస్తు శాఖల వాళ్ళు తాజ్‌మహల్‌కి ముల్తానీ మట్టి పూస్తూ అనవసరంగా అవస్థ పడుతున్నారు గానీ, ఇంత సులువైన పద్ధతి ఒకటుందని వాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేరు.

ఈ మ్యూజియం షికాగో ఓహేర్ విమానాశ్రయానికి దగ్గర్లోనే ఉండేది. అంటే మన తెలుగు అత్తమామలు దిగే చోటికి దగ్గరన్నమాట. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకో దృశ్యం కళ్ళ ముందు కదులుతుంది. తెనాలి నుంచి ఒక మామగారు దిగారు. ఇరవై పైచిలుకు గంటల ప్రయాణం. విమానంలో పెట్టిన భోజనం మూత తీసి, మళ్ళీ పెట్టేసి, అలాగే వచ్చేశారు. అల్లుడు పెట్టెలు సర్ది కారు పోనిస్తున్నాడు. దారిలో ఎర్రటి తెల్లటి పలకలు, పైకి లేచిన పసుపు తోరణాలు, హాంబర్గర్ల బోర్డు, ముందు నిగనిగలాడే పాతకాలపు కార్లు.

"అల్లుడుగారూ, ఇక్కడ ఆపండి. బంగాళాదుంప వేపుడైనా తిందాం."

"అది మ్యూజియమండీ మామయ్యగారూ."

"మ్యూజియం అన్నాక క్యాంటీన్ ఉంటుంది కదా."

"ఇది క్యాంటీన్‌కే మ్యూజియమండీ."

మామగారు వినలేదు. దిగి అద్దం దగ్గరికి వెళ్ళారు. లోపల ఒక కుర్రాడు. తెల్ల చొక్కా, కాగితం టోపీ, చెరగని నవ్వు. "బాబూ" అన్నారు. ఉలుకూ పలుకూ లేదు. ఊరు కాని ఊరు కదా అని "ఎక్స్‌క్యూజ్ మీ" అన్నారు. కుర్రాడు అదే నవ్వు. రెండు వేళ్ళు చూపించి రెండు పొట్లాలని సైగ చేశారు. అదే నవ్వు.

"వీడికి పొగరెక్కువలా ఉందే!"

"బొమ్మండీ."

"పొయ్యి?"

"ఉందండీ. వెలిగించరు."

"అసలిది హోటలేనా?"

"అసలు హోటల్ కూల్చేశారండీ."

"ఎందుకు?"

"మార్చీ మార్చీ దాని పాత రూపు పోయిందండీ."

"మరి ఇదేమిటి?"

"ఆ పోయిన పాత రూపుని కొత్తగా కట్టారండీ."

మామగారు కాసేపు ఆ బొమ్మనీ కాసేపు అల్లుణ్ణీ చూసి, ఇంతకీ తిండి ఎక్కడ పెడతారని అడిగారు. రోడ్డు దాటి ఎదురుగా వెళ్తే ఇంకో మెక్‌డొనాల్డ్స్ ఉండేది. దానికి చరిత్ర లేదు గానీ వేపుడుంది.

(వేపుడంటే గుర్తొచ్చింది. కంపెనీ వారు 1990 దాకా ఆ బంగాళాదుంపల్ని పశువుల కొవ్వులో వేయించారు. ఆ తర్వాత నూనె మార్చారు గానీ గొడ్డుమాంసం రుచి మాత్రం కలుపుతూనే వచ్చారు. శాకాహారులు, మన హిందువులతో సహా, కోర్టుకెక్కితే 2002లో కోటి డాలర్లకి రాజీ పడ్డారు. ఆ లెక్కన కంపెనీ చరిత్రలో ఏ పంతులుగారైనా నిశ్చింతగా నమ్మదగ్గ వేపుడు ఆ బొమ్మ ఇవ్వని వేపుడొక్కటే.)

తర్వాతి కథ చిన్నది. పక్కనే డెస్ ప్లెయిన్స్ నది. వరదలొచ్చినప్పుడల్లా మ్యూజియం మునిగేది. ఈ నీళ్ళతో వేగలేమని 2018లో ఆ నకలునీ కూల్చేశారు. కన్నతండ్రిని వీధిలోకి గెంటి, ఫొటోకి దండేసి, గోడ చెమ్మెక్కిందని ఆ ఫొటో కూడా తీసి పారేసినట్టు. ఇంత నిష్ఠగా పితృకార్యం చేసినవాళ్ళని నేనెక్కడా చూడలేదు.

ఇంతకీ ఆ తండ్రి ఎవరు? ఇద్దరు. రిచర్డ్, మారిస్ మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు. 1940లో శాన్ బెర్నార్డినోలో దుకాణం పెట్టారు. బాగా నడుస్తున్న దాన్ని 1948లో తామే మూసి, కార్ల దగ్గరికి ప్లేట్లు మోసే అమ్మాయిల్ని మానిపించి, తిండి పట్టిక తొమ్మిది వస్తువులకి కుదించి, 15 సెంట్లకి బర్గర్ అమ్మడం మొదలుపెట్టారు. కొత్త వంటిల్లు ఎలా ఉండాలో తేల్చుకోడానికి ఇంట్లో టెన్నిస్ కోర్టు మీద సుద్దముక్కతో ముగ్గేసినట్టు గీశారు. ఇక్కడ పెనం, ఇక్కడ వేపుడు. పనివాళ్ళని ఆ గీతల మధ్య ఉత్తిచేతులతో నడిపించి, ఎవరికెవరు అడ్డొస్తున్నారో చూసి, చెరిపి, మళ్ళీ గీశారు. ఆ తర్వాత రిచర్డ్ కాగితం మీద రెండు తోరణాలు గీస్తే, స్టాన్లీ మెస్టన్ అనే ఆర్కిటెక్టు వాటిని భవనంలో ఇమిడ్చాడు. చుట్టూ అద్దాలు. వంటిల్లంటే వెనకాల మసిగోడల మధ్య దాచేది అనుకునే రోజుల్లో, వచ్చి చూసుకోండి, మా పెనం శుభ్రంగా ఉంది అని దాన్ని తెచ్చి వీధిలో పెట్టారు. కారులో జోరుగా పోయేవాడికి రెండు ఫర్లాంగుల దూరం నుంచే కనబడాలని ఆ తోరణాలు. భవనమే బోర్డు. బర్గర్ కొట్టుకి చరిత్రేమిటని నవ్వే పెద్దమనుషులు కాస్త ఆగి ఆ గీతలు చూడాలి. ఈ రోజు ప్రపంచంలో సగం వంటిళ్ళు వాటి మీదే నడుస్తున్నాయి.

వాళ్ళతో ఒప్పందం చేసుకుని వాళ్ళ పేరు మీద దుకాణాలు తెరుస్తూ వచ్చిన క్రాక్, 1961లో వాళ్ళకి 27 లక్షల డాలర్లిచ్చి మొత్తం కొనేశాడు. శాన్ బెర్నార్డినో దుకాణం మాత్రం అన్నదమ్ములు తమకే ఉంచుకున్నారు. ఉంచుకుంటే ఏం? పేరు వాళ్ళది కాదట! తాత తండ్రుల నుంచి వచ్చిన సొంత ఇంటిపేరు, దాన్ని సొంత కొట్టు మీంచి దింపించారు. 'ది బిగ్ ఎమ్' అని మార్చుకున్నారు. అంతటితో వదిలారా? క్రాక్ దగ్గర్లోనే కొత్త మెక్‌డొనాల్డ్స్ తెరిచి, అది మూతపడేదాకా నిద్రపోలేదు. ఆ భవనం పోయింది. ఇప్పుడా స్థలంలో ఉన్న మ్యూజియం కంపెనీది కాదు. హువాన్ పోయో అనే కోడి వంటకాల హోటళ్ళాయన 1998లో కొని, తన ఖర్చుతో నడిపించింది. కోళ్ళు కాల్చుకునేవాడికున్న ఇంగితం ఇన్ని వేల కోట్లున్న వాళ్ళకి లేకపోయింది. చేసిందంతా చేసి, తొమ్మిదోదాన్ని తెచ్చి ఒకటో నెంబరని బోర్డు పెట్టి, బొమ్మలకి టోపీలు తొడుగుతారా? సిగ్గుండాలి.

క్షమించాలి. ఇది గంభీరమైన వ్యాసం. మళ్ళీ మర్యాదలోకి వస్తున్నాను.

ఆ తొలి తరం దుకాణాల్లో నేటికీ నిలిచి ఉన్న వాటిలోకెల్లా పాతది లాస్ ఏంజెలెస్ పక్కన డౌనీలో ఉంది. 1953 ఆగస్టులో తెరిచారు. అది ఎలా బతికిందో తెలుసా? కంపెనీ వారి చేతికి చిక్కక. దాని ఒప్పందం నేరుగా అన్నదమ్ములతో జరిగింది, క్రాక్‌తో కాదు. అందుకని దాన్ని పడగొట్టి కొత్త ఫ్యాషన్‌లో కట్టుకోమని చెప్పే హక్కు ఆయనకి లేదు. కంపెనీ వారి పేరుమోసిన బర్గర్ బిగ్ మ్యాక్ అమ్మే భాగ్యమూ దానికి దక్కలేదనుకోండి. 1990లో ఎట్టకేలకు కంపెనీ దాన్ని కొన్నది. 1994లో భూకంపం వచ్చింది. వెంటనే పాత మంత్రమే బయటికొచ్చింది. దీన్ని కూల్చేసి, ఇందులోని ముక్కలు కొన్ని పెట్టి దగ్గర్లోనే పాతకాలపు కొత్తది కడతాం! పాత కట్టడాల్ని కాపాడే అమెరికా నేషనల్ ట్రస్ట్ వాళ్ళు ఆ ఏడాది ప్రమాదంలో ఉన్న 11 చారిత్రక స్థలాల్లో దాన్ని చేర్చారు, జనం గోల పెట్టారు, దాంతో కంపెనీ వారికి హఠాత్తుగా వారసత్వం మీద ప్రేమ పుట్టి, బాగుచేయించి 1996లో తెరిచారు. (అదే డౌనీలో, ఈ కంపెనీతో సంబంధం లేని 1958 నాటి జానీస్ బ్రాయిలర్ అనే హోటల్‌ని 2007 జనవరిలో ఒక ఆదివారం, అనుమతి కాగితం లేకుండా పడగొట్టడం మొదలుపెట్టారు. ఆదివారమే ఎందుకో మన మునిసిపాలిటీలు ఎరిగినవాళ్ళకి చెప్పనక్కర్లేదు.)

మా మామగారు వచ్చినప్పుడు డౌనీకి తీసుకెళ్ళాను. అరవై అడుగుల స్తంభం మీద 'స్పీడీ' అనే నియాన్ వంటవాడు ఇంకా పరిగెడుతూనే ఉన్నాడు. కిటికీ దగ్గర నిలబడి యాపిల్ పై రెండు తీసుకున్నాం. అమెరికాలో మిగతా చోట్ల చాలావరకు దాన్ని ఓవెన్‌లో కాలుస్తున్నారు గానీ ఇక్కడ ఇప్పటికీ నూనెలో వేయిస్తారు. ఆయన ఆత్రంగా కొరికి, నాలిక కాల్చుకుని, ఊదుకుంటూ తిన్నారు.

"కజ్జికాయే కదండీ అల్లుడుగారూ," అన్నారు. "ఇంకోటి చెప్పండి."