‘ధరలు పెరగలేదు, దుబారా పెరిగింది’ అనే మెసేజ్‌కు మా ఇంటి లెక్కతో జవాబు

మూడు వారాల్లో ఒకే మెసేజ్ నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. మొదట పంపింది మా పెదనాన్నగారు. తర్వాత అపార్టుమెంటు గ్రూపులో, పిల్లల స్కూలు తల్లుల గ్రూపులో, చివరికి మా ఆయన పని చేసే చోట. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: ‘ధరలు పెరగలేదు, మన దుబారా పెరిగింది. ద్రవ్యోల్బణం పావు శాతానికి పడిపోయిందని ప్రభుత్వమే చెప్పింది. 1998లో నాన్న 8 వేల జీతంతో ముగ్గురు పిల్లల్ని చదివించి, ఏటా కాసు బంగారం కొన్నాడు. ఈరోజు 40 వేలు తెచ్చేవాడి ఇంట్లో నెలాఖరుకు రూపాయి ఉండదు. ఫుడ్ ఆర్డర్లు, ఓటీటీలు, సెల్‌ఫోన్లే కారణం. రైతుబజారుకు వెళ్తే నెలకు 3 వేలు మిగులుతాయి. పైగా ఉచిత గ్యాస్, ఉచిత బస్సు, తగ్గిన జీఎస్టీ. ఇల్లాలికి పొదుపు తెలిస్తే ఏ ఇల్లూ అప్పులపాలవదు.’

మా ఇంటికి నెలకు వచ్చేది సరిగ్గా ఆ 40 వేలే. మా ఆయన ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజర్. విశాఖ గోపాలపట్నంలో అద్దెకుంటున్నాం. ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. ఇంటి లెక్క రాసేది నేను. పెదనాన్నగారంటే నాకు గౌరవం. కానీ ఈ మెసేజ్‌లో ఒక్కో మాటా తీసి చూస్తే నిలబడేది తక్కువ.

పావు శాతం సంగతి ముందు. అంకె నిజమే. 2025 అక్టోబర్‌లో దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతం. 2012ను ఆధార సంవత్సరంగా తీసుకున్న ఆ సిరీస్‌లో అంత తక్కువ ఎప్పుడూ రాలేదు. అయితే ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు, పెరిగే వేగం తగ్గిందని. అంతకుముందు పెరిగిందంతా పెరిగినట్టే ఉంటుంది.

ఆ పావు శాతం ఎలా వచ్చిందో కూడా చూడాలి. 2024 అక్టోబర్‌లో కూరగాయల ధరలు ఏడాది ముందుకంటే 42 శాతం ఎక్కువున్నాయి. 2025 అక్టోబర్‌లో అవి 27 శాతానికి పైగా పడ్డాయి. అంటే 2023లో 100 రూపాయలైన కూరల సంచి 142 అయి, మళ్లీ 103కి వచ్చింది. అంటే మొదలుపెట్టిన చోటికే వచ్చింది. ఆ పతనమే మొత్తం అంకెను బాగా కిందికి లాగింది. అదే నెలలో నూనెలు, కొవ్వుల ధరలు 11 శాతానికి పైగా పెరిగాయి. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద ప్రాథమిక కస్టమ్స్ సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి, రిఫైన్డ్ నూనెల మీద 12.5 నుంచి 32.5 శాతానికి పెంచింది. 2025 మే చివర్లో ముడి నూనెల మీద 10 శాతానికి తగ్గించింది, అంతే. టమాటా ఒక వారం ఎక్కి ఇంకో వారం దిగుతుంది, కొన్నాళ్లు చింతపండుతో నెట్టుకొస్తాం. నూనె లేకుండా పోపు ఎలా పెడతాం?

ఇంకో విషయం. ద్రవ్యోల్బణం కొలిచే ఆ సూచీలో వెయిట్లు, అంటే ఏ ఖర్చుకు ఎంత వాటా అన్నది, 2011–12 నాటి ఖర్చుల సర్వే మీద వేసినవి. అందులో పట్టణ కుటుంబం చదువు మీద పెట్టే ఖర్చు వాటా 6 శాతం లోపే. మా ఇంట్లో ఇద్దరి స్కూలు ఫీజులు, ఆటో కలిపి నెలకు 9,500. జీతంలో దాదాపు పావు వంతు. దేశం మొత్తం మీద తీసిన సగటు అంకెను తెచ్చి మీ ఇంట్లో ధరలు పెరగలేదని నాకు చెబితే ఎలా ఒప్పుకోను?

ఇక 1998 నాటి నాన్న. ఈ మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే మెసేజ్‌లో ఉన్న ఆ నాన్న దాదాపు మా నాన్నే. పోర్టులో ఫిట్టర్‌గా చేశారు. మేం ముగ్గురం పిల్లలం. శాలిగ్రామపురం పోర్టు క్వార్టర్స్‌లో పెరిగాం.

8 వేలు 40 వేలయ్యాయి, ఐదు రెట్లు కదా అంటారు. పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ 1998 నుంచి నాలుగున్నర రెట్లకు పైగా పెరిగింది. ఆ లెక్కన అప్పటి 8 వేలు ఇప్పటి 36 వేలకు పైమాటే. కాబట్టి మా ఆయన తెచ్చే జీతం ఆ నాన్న జీతానికి ఇంచుమించు సమానం. ఐదు రెట్లు ఎక్కువ కానే కాదు. బంగారం సంగతి ఇంకా కష్టం. 1998లో 10 గ్రాములు 4 వేల చిల్లర. కాసు, అంటే 8 గ్రాములు, కొనడానికి సగం నెల జీతం కూడా పట్టేది కాదు. 2025లో 10 గ్రాములు లక్ష దాటింది. ఆ ధరకు కాసు కావాలంటే మా ఇంట్లో రెండు నెలలకు పైగా పొయ్యి వెలిగించకూడదు.

సరే, జీతాలు సమానమే అయితే అమ్మకు మిగిలింది నాకెందుకు మిగలడం లేదు? మొన్న పెద్దపండక్కి వెళ్లినప్పుడు అమ్మ ట్రంకుపెట్టెలోంచి పాత లెక్కల పుస్తకాలు తీయించాను. రెండు వందల పేజీల రూళ్ల నోటుబుక్కులు. అట్ట మీద ఏడాది, లోపల నెలకో పేజీ. బియ్యం, కందిపప్పు, నూనె, పాలు, చీటీ, పిల్లల పుస్తకాలు, పేపరు, ఊరెళ్లిన ఖర్చు. అమ్మ అక్షరాలు గుండ్రంగా, పైసలతో సహా ఉన్నాయి. పేజీ తర్వాత పేజీ తిప్పాను. ఎక్కడా ‘అద్దె’ అన్న మాట లేదు. క్వార్టర్స్ తాలూకు కాస్తో కూస్తో జీతంలోనే పట్టుకునేవారు, అది ఇంటికి వచ్చే కవరు దాకా వచ్చేదే కాదు. ‘మందులు’ అన్న చోట అమృతాంజనం, దగ్గు సిరప్ తప్ప ఏమీ లేదు. ఒక నెలలో తమ్ముడికి టైఫాయిడ్ వచ్చి పది రోజులు పోర్టు ఆసుపత్రిలో ఉన్నాడు, నాకు బాగా గుర్తు. ఆ నెల పేజీలో దానికి రాసింది ఒకటే: ‘బ్రెడ్డు, హార్లిక్సు’.

నేను చూపించినప్పుడు అమ్మ అన్నది కూడా అదే. “మాకు ఇల్లు వాళ్లిచ్చారు, డాక్టర్ని వాళ్లిచ్చారు. నేను పొదుపు చేసింది మిగతా దాంట్లోనే కదమ్మా.”

విశాఖ అంటే ఒకప్పుడు ఇదే. పోర్టు, షిప్‌యార్డు, రైల్వే, స్టీల్ ప్లాంటు. ఉక్కునగరంలో ఇల్లు, స్కూలు, ఆసుపత్రి అన్నీ గేటు లోపలే. జీతం చిన్నది కావచ్చు, దాని వెనకాల కనపడని జీతం ఇంకొకటి ఉండేది. ధరల సూచీ పెరిగినప్పుడల్లా డీఏ పెరిగేది. పోర్టు, రైల్వేల్లో రిటైరయ్యాక పెన్షన్ ఉండేది. 2004 జనవరి తర్వాత కేంద్ర కొలువుల్లో, ఆ సెప్టెంబర్ నుంచి రాష్ట్ర కొలువుల్లో చేరినవాళ్లకు ఆ పాత పెన్షన్ కూడా లేదు. మా ఆయన లాంటి వాళ్లకైతే ఇల్లు లేదు, ఆసుపత్రి లేదు, డీఏ అన్న మాటే లేదు. ఓనరు పెంచితే పెరిగినట్టు. అమ్మకు జీతంతో పాటు వచ్చినవాటిని నేను జీతంలోంచి కొనుక్కుంటున్నాను. అద్దె 10,500, అత్తగారి బీపీ, షుగర్ మందులు 1,800, ఫీజులు ముందే చెప్పాను. మూడూ కలిపితే 21,800. అమ్మ పుస్తకంలో అద్దెకు, ఫీజులకు గీతే లేదు, మందులకు ఉన్నది పేరుకే. ఈ 21,800 పక్కన పెట్టి మిగిలిన 18,200తో నన్ను అమ్మతో పోల్చండి, నాకు అభ్యంతరం లేదు.

ఆ 18,200లో కిరాణా 6,500, పాలు 2,000, కూరలు 2,800, కరెంటు, గ్యాస్ 2,200, పెట్రోలు 2,000, ఫోన్లు 900. మిగిలింది 1,800.

ఫుడ్ ఆర్డర్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నెలకు రెండుసార్లు బిర్యానీ తెప్పిస్తే 700. అది మానేస్తే ఏడాదికి 8,400 మిగులుతాయి, అంటే అద్దె ఒక నెలకు కూడా చాలదు. ఫోను దుబారా అన్న రోజులు పోయాయి. స్కూలు హోంవర్కు వాట్సాప్‌లో వస్తుంది, గ్యాస్ బుకింగుకు, బ్యాంకుకు ఓటీపీ కావాలి. 2024 జులైలో మొబైల్ కంపెనీలు రేట్లు పెంచితే అందరం కట్టాం, వేరే దారి లేదు కాబట్టి. ఓటీటీ మా ఇంట్లో లేదు.

రైతుబజారు మాట అన్నవాళ్లు అసలు రైతుబజారుకు వెళ్తారా అని నా అనుమానం. నేను వెళ్తాను. 1999లో మొదలైన మంచి ఏర్పాటు అది, దాని మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. పొద్దున్నే వెళ్తే బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి, బెండకాయ విరిచి చూసుకుని ఏరుకోవచ్చు. మా సందులో తోపుడుబండి కంటే కిలోకు ఐదు నుంచి పది రూపాయలు తేడా వస్తుంది. నలుగురు తినే ఇంటికి, అత్తగారితో ఐదుగురికి, నెలకు 50 కిలోలు అనుకుందాం. తేడా ఎంత పెట్టినా 250 నుంచి 500. మేం కూరలకు పెట్టే మొత్తమే 2,800 అయితే అందులో 3 వేలు మిగలడం ఎలా సాధ్యం? రైతు నాకు ఎదురు డబ్బిచ్చి కూరలు పంపాలి! ఈ ఒక్క అంకె చూస్తేనే తెలుస్తుంది, రాసినాయన సంచి పట్టుకుని బజారుకు వెళ్లలేదని.

చేపల మాట కూడా ఎవరో కింద కలిపారు, వైజాగ్‌లో సముద్రం ఉంది కాబట్టి చవకట. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలూ హార్బర్‌లో బోట్లు కట్టేసి ఉంటాయి, వంజరం ధర అడగడానికే భయం. మిగతా రోజుల్లో కూడా మేం కానాగంతలే తెచ్చుకుంటాం.

పథకాలు మంచివే. స్త్రీశక్తి కింద 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. రైతుబజారుకు నేను వెళ్లొచ్చేది ఆ బస్సులోనే, నాకు నిజంగా మేలు జరిగింది. కానీ దీపం పథకం కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు బియ్యం కార్డు ఉన్నవాళ్లకు. పట్టణాల్లో ఆ కార్డుకు ఆదాయ పరిమితి నెలకు 12 వేలు. బడికెళ్లే పిల్లల తల్లులకు డబ్బులిచ్చే తల్లికి వందనానికీ అంతే. 40 వేలు తెచ్చేవాడిని నిలదీసి, 12 వేల లోపు వాళ్లకిచ్చే సాయాన్ని అతని ఖాతాలో రాయడం ఏం న్యాయం? జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బు, షాంపూ, పేస్టు మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడు, కాదనను. అయితే కూరలకు, ప్యాకెట్ పాలకు, లూజు బియ్యానికి ముందు నుంచీ జీఎస్టీ లేదు. నూనె మీద 5 శాతం అలాగే ఉంది. ఇంటి అద్దెలో, స్కూలు ఫీజులో తగ్గడానికి జీఎస్టీయే లేదు.

చివరి వాక్యం, ‘ఇల్లాలికి పొదుపు తెలిస్తే’ అన్నది, చదివినప్పుడు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా సందులో నాకు తెలిసిన ఆడవాళ్లలో లెక్క రాయనివాళ్లు లేరు. నెలాఖరున ఏది తగ్గించాలన్నా మొదట తగ్గించుకునేది వాళ్లదే. నా కళ్లజోడు పవర్ మారిందని తెలిసి ఎనిమిది నెలలైంది. రాత్రిపూట లెక్క రాసేటప్పుడు పుస్తకాన్ని లైటు కిందికి జరుపుకుంటున్నాను. అత్తగారికి మూడు నెలలకోసారి చేయించమన్న షుగర్ పరీక్షను ఆరు నెలలకు జరిపాం. ఆ మాట ఆవిడే అడిగారు, “ఈసారికి వద్దులే అమ్మా, పిల్లాడి టర్మ్ ఫీజు ఉంది కదా” అని. నేను సరేనన్నాను.