అన్ని ప్లాట్‌ఫామ్‌లలో వెలసిన నోట్స్ యాప్ గారికి, ఆకివీడు నుంచి

అయ్యా,

ఉభయకుశలోపరి. తమరు ఆండ్రాయిడ్‌లోనూ ఉన్నారని, విండోస్‌లోనూ ఉన్నారని, మ్యాక్, ఐఫోన్, లైనక్స్ వేటినీ వదల్లేదని తమరి సైటులో చదివి చాలా సంతోషించామండి. మాది రొయ్యల చెరువులూ, మేత కొట్టూ. మా ఇంట్లోనూ వాటిలో మూడు ఉన్నాయి. చెరువుగట్టు మీద బావగారి చేతిలో ఆండ్రాయిడ్ ఫోను, మేత కొట్లో నా ముందు ముసలి విండోస్ డబ్బా, హైదరాబాదులో మేనల్లుడి ఒళ్లో మ్యాక్‌బుక్కు. ఏ చెరువులో ఏ పూట ఎంత మేత పడింది, చెక్‌ట్రేలో (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెంలో) ఎంత మిగిలింది, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంతకొచ్చింది, ఏ రైతు ఎంత బాకీ. ఈ నాలుగు ముక్కలూ మూడు చోట్లా ఒకేలా కనబడాలి. మేం అడిగింది ఇంతే. దానికి తమరు ఏ నోటుకి ఏ నోటుతో లంకె ఉందో బొమ్మగీసే గ్రాఫ్ వ్యూ చూపించారు. చుక్కలూ గీతలూ కళ్లు చెదిరేలా ఉన్నాయి. మధ్యలో ఉన్న పెద్ద చుక్క మేత బాకీలట. ఆ సంగతి చుక్కలు లేకుండానే మాకు తెలుసండి.

తమరి భక్తులు వీడియోల్లో తమర్ని 'రెండో మెదడు' అంటున్నారు. మా బావగారికి మొదటిదే చాలా పెద్దది. ఏ రైతు ఏ పంటకి ఎన్ని బస్తాలు అరువు తీసుకున్నాడో తేదీతో సహా అందులోనే ఉంటుంది. దానికి బ్యాకప్పు లేదన్నదొక్కటే మా టెన్షన్. అందుకే తమరి గుమ్మంలోకి వచ్చాం.

తమరు నోట్లు రాయించే పద్ధతి మార్క్‌డౌన్, అంటే గీతలు, నక్షత్రాల్లాంటి మామూలు గుర్తులతోనే హెడింగులూ వాలు అక్షరాలూ చేయడం. దాని పుట్టుకని మాత్రం ఒక్క మాట అనం. 2004లో జాన్ గ్రూబర్ అనే ఆయన, ఆరన్ స్వార్ట్జ్ సాయంతో దాన్ని తయారుచేశాడు. ఉద్దేశం బంగారం. మామూలు టెక్స్ట్ ఫైలు, ఏ సాఫ్ట్‌వేరూ మధ్యలో లేకుండా మనిషి కళ్లతో చదువుకునేలా ఉండాలన్నాడు. డీటీపీ సెంటర్లో పాత ఫాంట్లతో కొట్టించిన శుభలేఖ ఫైలుని ఇవాళ ఇంకో కంప్యూటర్లో తెరిస్తే పెళ్లికొడుకు పేరు బదులు పిచ్చి గీతలు కనబడే మా తెలుగువాళ్లకి ఆ మాట విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. యూనికోడ్‌లో రాసిన డాట్ ఎండీ ఫైలైతే (మార్క్‌డౌన్ ఫైలు పేరుకి ఉండే తోక అది) నోట్‌ప్యాడ్‌లో తెరిచినా రొయ్య రొయ్యగానే ఉంటుంది.

కాకపోతే ఆయన మా బావగారి లెక్క రాసే పద్ధతిని ఊహించలేదు. బావగారు ఫోనులో కొట్టింది ఇదండి:

రెండో చెరువు
పొద్దున మేత 40
మధ్యాహ్నం 45
సాయంత్రం 45
-------
మొత్తం 130

చిన్నప్పటి నుంచి అందరం రాసే లెక్కే. కూడిక ముందు ఓ అడ్డగీత. కొట్లో కంప్యూటర్లో ప్రివ్యూ తెరిస్తే గీత మాయం. గీతకి పైనున్న నాలుగు వరసలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఇంతింత లావు అక్షరాలతో హెడింగై కూర్చున్నాయి. కింద బక్కచిక్కిన 'మొత్తం 130'. బావగారు వెనక నుంచి చూసి, "ఎవడ్రా నా మేత లెక్కకి ఫ్లెక్సీ కట్టింది?" అన్నారు.

ఎవరూ కట్టలేదండి, అది చట్టం. తమరి చట్టంలో ఎంటర్ కొడితే కొత్త లైను కాదు. లైను చివర రెండు ఖాళీలు కొట్టి అప్పుడు ఎంటర్ కొట్టాలి. కంటికి కనబడని ఆ రెండు ఖాళీల గురించి, మోకాలి దాకా నీళ్లలో నిలబడి చెక్‌ట్రే పైకి లాగుతున్న మనిషికి చెప్పే ధైర్యం నాకు లేదు. రాతకి ఆనించి అడ్డగీత గీస్తే పైనున్నది హెడింగని అర్థం. తమ జాతిలో కొందరు దయదలచి ఎంటర్‌ని ఎంటర్‌గానే చూస్తారు, కొందరు చూడరు. ఎవరు చూస్తారన్నది తమరి ఫీచర్ల పట్టికలో ఎక్కడా రాయరు. డార్క్ మోడ్ ఉందని మాత్రం మూడు చోట్ల రాస్తారు.

నక్షత్రాల ముచ్చట ఇంకా గొప్పది. సున్నం డోసు లెక్కకి చెరువు కొలత 200*120*1.5 అని రాస్తే, రెండు నక్షత్రాల మధ్య ఉన్నది వాలు అక్షరమని తమరు నిర్ణయించి, నక్షత్రాలు మింగేసి, 2001201.5 అని చూపించారు. ఇరవై లక్షల పైచిలుకు. ఆ లెక్కన సున్నం చల్లాలంటే ఈ డెల్టాలో ఉన్నదంతా మా చెరువుకే సరిపోదు.

ఇలాంటి తగువులు తీర్చడానికే, మార్క్‌డౌన్‌ని అందరూ ఒకేలా చదవాలని 2014లో కామన్‌మార్క్ అని పెద్దమనుషుల ఒప్పందం ఒకటి వచ్చింది. ఒప్పందంలో లేనివి ఎవరికి వారు కలుపుకుంటూనే ఉన్నారు. టేబుళ్లు, టిక్కు పెట్టే గడులు గ్రూబర్ గారి అసలు సరుకులో లేవు. నోటుకీ నోటుకీ లంకె వేసే జంట బ్రాకెట్లూ లేవు. తమరి దగ్గర ఆ లంకెలు నొక్కితే తలుపులు తెరుచుకుంటాయి. ఇంకో యాప్‌లోకి పట్టుకెళ్తే అవి ఉత్త బ్రాకెట్లు కావచ్చు. ఫైళ్లు మావే, ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు అంటారు, నిజమే. వెళ్లేవాడి సామాన్లో తమరి ప్లగిన్ల (పైనుంచి తగిలించుకునే అదనపు సరుకుల) తాలూకు ముక్కలు ఎన్ని పనికిరాకుండా పోతాయో మాత్రం గుమ్మం దాటాకే తెలుస్తుంది.

మేనల్లుడు పోలికల పట్టిక ఒకటి పంపాడు. ఒబ్సిడియన్ ఫైళ్లని మన ఫోల్డర్‌లోనే ఉంచుతుంది, దాని కోడ్ మాత్రం ఎవరికీ చూపించదు. జాప్లిన్ కోడ్ అందరికీ చూపిస్తుంది, నోట్లు మాత్రం డేటాబేసులో దాచి, అడిగితే మార్క్‌డౌన్‌గా తీసి ఇస్తుంది. బేర్ అందంగా ఉంటుందట, ఆండ్రాయిడ్‌లో లేదు కాబట్టి బావగారికి అందం అక్కర్లేదు. ఎవర్‌నోట్ 2023 చివర్లో ఉచిత ఖాతాకి 50 నోట్లే అని గీత గీసింది. మా రెండో చెరువు ఒక్కటే ఒక పంటలో అంతకన్నా ఎక్కువ రాయిస్తుంది.

తమ జాతిలో కొందరికి ఇంటర్నెట్ లేకపోతే ఊపిరాడదన్న సంగతి మా పిన్ని వాళ్లింట్లో బయటపడింది. వాళ్లది పి.గన్నవరం అవతల లంక. ధవళేశ్వరం దగ్గర గోదావరి 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 2022 జూలైలో అదీ దాటి చాలా పైకే వెళ్లింది. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. పడవ వాళ్ల నంబర్లు, మందుల పేర్లు అన్నీ ఒక యాప్‌లో భద్రంగా ఉన్నాయి. అది మళ్లీ లాగిన్ అవ్వమంది. ఓటీపీ పంపిస్తానంది. ఎటు పంపిస్తుందండి, వరదలోకా?

సింక్ విషయానికొస్తే, గట్టు మీద సిగ్నల్ లేనప్పుడు బావగారు ఒక అంకె మార్చారు, అదే నోటులో కొట్లో నేను ఒకటి మార్చాను. తమరు తీర్పు చెప్పకుండా 'కాన్‌ఫ్లిక్ట్ కాపీ' అని రెండో ఫైలు పుట్టించి పక్కకి తప్పుకున్నారు. ఒకదాంట్లో 45 బస్తాలు, ఇంకోదాంట్లో 54. బావగారు రెండూ చూసి, "మనం ఇవ్వాల్సిందైతే మొదటిది ఉంచు, మనకి రావాల్సిందైతే రెండోది ఉంచు" అని తేల్చేశారు. ఈ ఆల్గారిథం తమరు ఉచితంగా వాడుకోవచ్చు.

ఇక మా షరతులు. ఫోల్డర్ మాది, అందులో డాట్ ఎండీ ఫైళ్లు మావి. తమరు వచ్చి తెరిచి చూపించండి, దిద్దండి, వెళ్లండి. ఎంటర్‌ని గౌరవించండి. బావగారి గీతని గీతగానే ఉంచండి. ఏఐ సారాంశం వద్దు, మేత లెక్కకి సారాంశం మొత్తమే, అది ఆయన ఎలాగూ కింద రాస్తారు.

చేరడానికి తమరి సైటు మొదటి పేజీలోనే పెద్ద ఊదారంగు బటన్ ఉంది. ఎక్స్‌పోర్ట్ బటన్ కోసం సెట్టింగ్స్‌లో, అందులో అడ్వాన్స్‌డ్‌లో, దాని కింద 'మరిన్ని'లో వెతుకుతున్నాం. ఎక్కడుందో ఒక్క ముక్క రాయగలరు. ఫొటోలు కూడా బయటికొస్తాయా, వాటి పేర్లే వస్తాయా అన్నది కూడా చెప్పండి. చెక్‌ట్రే ఫొటోలు చాలా ఉన్నాయి.

ఇట్లు,
తమరి జవాబు వచ్చేదాకా నోట్‌ప్యాడ్‌లోనే ఉండే
మేత కొట్టు బావమరిది