కాలు నాది, పెత్తనం కంప్యూటర్‌ది

టర్బో పెట్రోల్, మాన్యువల్ గేర్లు, పవర్ బాగుందని ఏరికోరి కొన్న కారు. యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం కాసేపు ఆలోచించి గానీ కదలదు. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో సందు దొరికిందని కాలు వేస్తే, ఇంజిన్ అందుకునేలోపు అందులో ఆటో దూరిపోతుంది.

ఇప్పుడు పెడల్‌కీ, ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్‌కీ మధ్య కేబుల్ లేదు. పెడల్ దగ్గరి సెన్సర్లు పంపే వోల్టేజ్ చూసి, థ్రాటిల్ వాల్వ్ ఎంత తెరవాలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, తేలుస్తుంది, మోటారు తెరుస్తుంది. పొగ నిబంధనల కోసం కొంత నెమ్మది అవసరమే, ఒప్పుకుంటా. కానీ క్లచ్ తొక్కి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాక కూడా ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) దిగకుండా వేలాడటం ఏమిటి? ఒకటి నుంచి రెండో గేరుకి మారిన ప్రతిసారీ కుదుపే. ఒళ్లు మండిపోతుంది.

స్పోర్ట్ మోడ్ పెడితే మరో తంటా. కాలు ఆనించగానే పార్కింగ్‌లో కూడా ముందుకి దూకుతుంది. సర్వీస్ సెంటర్‌లో అడిగితే "అది నార్మలే సార్" అంటారు. బయటివాళ్లు పెడల్ బాక్స్ అనే పరికరం అంటగట్టబోతారు. అది పెడల్ సిగ్నల్‌ని పెంచి చూపిస్తుందంతే. ఒక్క హార్స్‌పవర్ పెరగదు, టర్బో అందుకోవడానికి పట్టే ఆలస్యం (టర్బో ల్యాగ్) తగ్గదు. ఎంత తొక్కితే ఎంత స్పందించాలో చెప్పే ఈసీయూ మ్యాప్ మార్పిద్దామంటే వారంటీ గొడవ. లక్షలు పోసి కొన్నవాడికి, తొక్కినంతే కదిలే మ్యాప్ ఒకటి కంపెనీయే ఇవ్వొచ్చుగా!