హెచ్చరించి చేతులు దులుపుకుంటే సరిపోతుందా?

తెలంగాణ-ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల కింద, ములుగు జిల్లా వాజేడు, వెంకటాపురం మండలాల్లో ఆదివాసులకు బీడీలు చుట్టే తునికాకు సీజన్ అంటే ఏడాది ఖర్చులకు నాలుగు డబ్బులు కళ్లజూసే కాలం. అడవిలో మావోయిస్టులు పాతిన మందుపాతరల వల్ల ఇప్పుడు అదే సీజన్ వాళ్లకు పెద్ద టెన్షన్. మావోయిస్టుల ఏరివేతకు కేంద్రం 2026 మార్చి 31 గడువు పెట్టుకుంది. ఎందరు చనిపోయారు, ఎందరు లొంగిపోయారు, ఎన్ని తుపాకులు దొరికాయి అని ప్రెస్‌మీట్లలో లెక్కలు వినీ వినీ చెవులు అలసిపోయాయి. నేలలో మిగిలిన మందుపాతరలను ఎవరు, ఎప్పటికల్లా తీస్తారన్న మాట మాత్రం ఆ లెక్కల్లో వినపడదు.

2024 జూన్‌లో వాజేడు మండలం కొంగాల అడవిలో కట్టెలకు పోయిన మనిషి ప్రెషర్ బాంబు మీద కాలు వేసి చనిపోయాడు. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, గుట్టల మీద బాంబులు అమర్చాం, అటు రావద్దంటూ మావోయిస్టులు లేఖ విడుదల చేశారు. ఆదివాసుల కోసమే తుపాకీ పట్టామన్న పార్టీ, ఆదివాసులు నడిచే బాటలోనే బాంబు పాతింది. పైగా లేఖ రాశాం కాబట్టి తప్పు మాది కాదన్నట్టు మాట్లాడింది. హెచ్చరించాం కదా అంటే పోయిన ప్రాణం తిరిగొస్తుందా?

మరి ప్రభుత్వం చేస్తున్నదేమిటి? అదీ హెచ్చరికే. అడవిలోకి వెళ్లొద్దు, వెళ్తే జాగ్రత్త. ఎండాకాలం ఇప్పపువ్వు, తునికాకు, ఏడాది పొడవునా వంటచెరకు అన్నీ అడవిలోనే ఉన్నవాళ్లకు ఈ సలహా ఎందుకు పనికొస్తుంది? 2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల్లో 21 రోజులు సాగిన ఆపరేషన్‌లో 450 ఐఈడీలు (చేత్తో తయారుచేసిన బాంబులు) స్వాధీనం చేసుకున్నామని కేంద్ర బలగాలు ప్రకటించాయి. దొరికినవే అన్ని ఉంటే దొరకనివి ఎన్ని? ఆ ఆపరేషన్ నడుస్తుండగానే మే 8న వాజేడు అడవుల్లో మందుపాతర పేలి ముగ్గురు గ్రేహౌండ్స్ పోలీసులు అమరులయ్యారు. అంత శిక్షణ ఉన్నవాళ్లకే తప్పించుకోవడం సాధ్యం కానప్పుడు, హవాయి చెప్పులతో కట్టెల మోపు మోసే మనిషిని జాగ్రత్తగా ఉండమనడం ఏం న్యాయం?

గుట్టలు విశాలమైనవని, బాంబులు ఎక్కడున్నాయో మ్యాపు లేదని, అసలు ఇది యుద్ధమే కాదు, శాంతిభద్రతల సమస్య అని అధికారులు అనవచ్చు. కష్టం ఉన్న మాట నిజమే. కానీ మందుపాతరలను నిషేధించిన 1997 నాటి ఒట్టావా ఒప్పందంలో మన దేశం చేరలేదు. ఎందుకు చేరలేదని అడిగినప్పుడల్లా, మేం మందుపాతరల వాడకానికి హద్దులు పెట్టే, ఐక్యరాజ్యసమితి ఆయుధాల ఒప్పందంలోని సవరించిన రెండో ప్రొటోకాల్‌కు కట్టుబడి ఉన్నాం అని ఢిల్లీ జవాబిస్తుంది. ఆ ప్రొటోకాల్ దేశంలోపలి సాయుధ పోరుకూ వర్తిస్తుంది. పోరు ఆగాక ఆలస్యం లేకుండా మందుపాతరలు తొలగించాలని, ప్రాంతం ఎవరి అదుపులో ఉంటే బాధ్యత వాళ్లదేనని అందులో రాసి ఉంది. కర్రెగుట్ట మీద జాతీయ జెండా ఎగరేసి, ఇది మా అదుపులోకి వచ్చిందని ప్రకటించినవాళ్లు ఈ షరతును ఎలా దాటేస్తారు? జెనీవాలోని ఐక్యరాజ్యసమితి వేదిక మీద ఒక మాట, ములుగులో ఒక మాటా?

 

కూంబింగ్ వేరు, మందుపాతరల తొలగింపు వేరు. బలగాలు తాము నడిచే దారిని చూసుకుంటాయి. తొలగింపు బృందం గజం గజం వెతికి, ముప్పున్న చోట ఎర్ర బోర్డులు పాతి, తీసేశాక ఈ నేల మీద ఇక నడవొచ్చని ఊరికి అప్పగిస్తుంది. కంబోడియాలో అంతర్యుద్ధం ముగిసి పాతికేళ్లు దాటినా ఆ పని ఇంకా సాగుతూనే ఉంది, మనుషులు పోతూనే ఉన్నారు. మన దగ్గర మొదలుపెట్టే వ్యవస్థే కనిపించదు. లొంగిపోయినవాళ్లలో బాంబులు పాతినవాళ్లు, పాతిన చోటు తెలిసినవాళ్లు ఉండకపోరు. పునరావాసం ఇచ్చే ముందు వాళ్లతో ఆ చోట్లు చూపించాలి. ఆ జాబితా పోలీసు ఫైళ్లలో మగ్గకుండా గ్రామ పంచాయతీ గోడ మీదికి రావాలి. తెలుగు చదవలేనివాళ్లకు కోయ భాషలో చాటింపు వేయించాలి.

తునికాకు సేకరించే అడవిని యూనిట్లుగా విడదీసి వేలం వేసి డబ్బు వసూలు చేసుకునే అటవీశాఖకు ఏ యూనిట్‌లో ముప్పు ఉందో తెలుసుకునే బాధ్యత లేదా? ముందు ఆ నేల శుభ్రం చేయండి, తర్వాత వేలం పాట పెట్టండి. అంత ఓపిక లేకపోతే, వేలం పాడిన కాంట్రాక్టర్‌ను, సంతకం పెట్టిన అధికారిని ఆకు కొనే కల్లం తెరిచిన మొదటి రోజున ఆ బాటలో అందరికంటే ముందు నడవమనండి.