వంశవృక్షాల్లో చోటు దక్కని పిల్లలు

పూర్వీకుల్లో ద్వీపాంతరవాస శిక్ష పడినవారు ఉన్నారన్న సంగతిని ఒకప్పుడు ఆస్ట్రేలియాలో కుటుంబాలు గుట్టుగా ఉంచేవి, ఇప్పుడు అదే సంగతిని గొప్పగా చెప్పుకుంటున్నాయి. ఈ మార్పు మంచిదే. అయితే ఆ ఉత్సాహంలో ఇంటర్నెట్‌లో అల్లుతున్న వంశవృక్షాలను, ముఖ్యంగా ఖైదీ స్త్రీల కొమ్మలను, చూస్తున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి పన్నెండు వేలకు పైగా స్త్రీలను వాన్ డీమెన్స్ లాండ్‌కు, అంటే నేటి టాస్మానియా దీవికి, 1853 వరకు ఓడల్లో తరలించారు. వారు కన్న పిల్లల్లో ఎవరి సంతతి నేటిదాకా నిలిచిందో ఆ ఒక్కరే ఈ వృక్షాల్లో కనిపిస్తారు. పురిటిలోనో, పాలు మాన్పించాకనో పోయిన తోబుట్టువుల ఊసే ఉండదు. ఏ కాగితమూ పేర్కొనని తండ్రి మాత్రం పుట్టినతేదీతో సహా ప్రత్యక్షమవుతాడు.

రికార్డులు లేకపోవడం వల్ల ఇలా జరుగుతోందనుకుంటే పొరపాటు. ఆస్ట్రేలియా ఖైదీల రికార్డులను 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. టాస్మానియా ఆర్కైవ్స్ ఆ పుటల ఫొటోలను ఎవరైనా ఉచితంగా చూసేలా నెట్‌లో ఉంచింది. ఒక స్త్రీ ప్రవర్తన రికార్డు తెరిస్తే ఆమె ఎత్తు, జుట్టు రంగు, కళ్ల రంగు, చేతి మీది మచ్చ వరకు అన్నీ తెలుస్తాయి. ఆ కింద తేదీల వారీగా నేరాలు ఉంటాయి: యజమాని మాట వినకపోవడం, తాగి దొరకడం, చెప్పకుండా బయటికి వెళ్లడం, ఒక్కోదానికి పడిన శిక్ష. ఆ వరసలోనే, అవే ముక్కలు ముక్కలైన అక్షరాలతో, పెళ్లి కాకుండా బిడ్డను కన్నదన్న పంక్తి కూడా ఉంటుంది. ఆ బిడ్డ ఆడో మగో, పేరేమిటో, ఎవరికి పుట్టిందో సాధారణంగా అందులో ఉండదు. రాసిన గుమాస్తాకు అవసరమైంది తల్లికి వేయాల్సిన శిక్షే తప్ప బిడ్డ కాదు.

ఆ శిక్ష ఎలా సాగేదో తెలియకపోతే పిల్లల జాడ దొరకదు. ఇళ్లలో పనికి కేటాయించిన ఖైదీ స్త్రీ గర్భవతి అయితే యజమాని ఆమెను ఫిమేల్ ఫ్యాక్టరీకి, అంటే ఖైదీ స్త్రీలను ఉంచి పని చేయించే జైలుకు, తిప్పి పంపేవాడు. దీవి రాజధాని హోబార్ట్‌లోని కాస్కేడ్స్ ఫ్యాక్టరీ, పాత సారా బట్టీని జైలుగా మార్చి 1828లో తెరిచినది, వీటిలో పెద్దది. అక్కడ పురుడు పోసుకుని, బిడ్డకు కొన్ని నెలలు పాలిచ్చి, మాన్పించిన వెంటనే తల్లి నేరస్తుల తరగతిలో, అంటే ఫ్యాక్టరీలో శిక్ష అనుభవించేవారి విభాగంలో, సాధారణంగా ఆరు నెలలు గడపాలి. బిడ్డ నర్సరీలోనే ఉండిపోయేది. కొండ నీడలో ఎండ సరిగా సోకని ఆ ఇరుకు గదుల్లో చంటిపిల్లలు ఎంతగా చనిపోయారంటే, 1838లో పత్రికల్లో గగ్గోలు రేగి నర్సరీని ఊళ్లో లివర్‌పూల్ వీధిలోని ఇంటికి మార్చాల్సి వచ్చింది. బతికినవారిని రెండు మూడేళ్ల వయసు రాగానే హోబార్ట్ పక్కనే న్యూటౌన్‌లోని అనాథ పాఠశాలకు పంపేవారు. తల్లితో పాటు ఓడ దిగిన పిల్లలు కూడా చాలామంది అక్కడికే చేరారు. వారిలో ఎంతోమందికి తల్లి బతికే ఉంది, అదే ఊళ్లో శిక్ష అనుభవిస్తూ ఉంది.

కాబట్టి వెతకాల్సింది ముందు పేరుతో కాదు, ఓడతో. మేరీ స్మిత్‌లకు, ఆన్ బ్రౌన్‌లకు ఆ దీవిలో కొదవ లేదు, అందుకే అధికారులే ప్రతి ఖైదీని వచ్చిన ఓడ పేరు జోడించి గుర్తించేవారు. ఒకే ఓడ రెండుసార్లు వచ్చి ఉంటే అది కూడా సరిచూసుకోవాలి: ‘గార్లండ్ గ్రోవ్’ 1841లో ఒకసారి, 1843లో మరోసారి స్త్రీలను తెచ్చింది. అనాథ పాఠశాల రిజిస్టర్లలో పిల్లల వయసు, చేరిన తేదీ, ఎవరి దగ్గర పనికి పంపారన్న వివరంతో పాటు తల్లి వచ్చిన ఓడ పేరు కూడా దొరుకుతుంది. తల్లికీ బిడ్డకూ మధ్య నమ్మదగిన ముడి అదే. టాస్మానియాలో జనన మరణాల నమోదు 1838 డిసెంబరులోనే మొదలైంది, న్యూ సౌత్ వేల్స్‌లో 1856 దాకా లేదు. అయినా టాస్మానియా జనన పుటల్లో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండటం మామూలే. ప్రవర్తన రికార్డులోని ప్రసవం తేదీ, జనన నమోదు, బాప్తిస్మం, మరణ నమోదు నాలుగూ పక్కపక్కన పెట్టుకుంటేనే ఒక బిడ్డ రూపు కడుతుంది. ఇదంతా ఓపికతో కూడిన పని. ఆ ఓపిక లేనివారు పక్కవారి వృక్షాన్ని మక్కికి మక్కి ఎక్కించుకుంటారు, అలా ఒకరి తప్పు యాభై మంది ఇళ్లలో నిజమైపోతుంది.

తండ్రి విషయంలో ఈ తొందర మరీ దారుణం. పనిచేయించుకున్న యజమానే తండ్రి అయి ఉంటాడని ఒకరు రాస్తారు, మూడేళ్ల తర్వాత ఆమె పెళ్లాడిన మనిషిని ఇంకొకరు తండ్రిని చేస్తారు. మారుతండ్రి ఇంటిపేరుతో పెరిగిన పిల్లలు నిజంగానే ఉన్నారు కనుక ఇంటిపేరు కలిసినంత మాత్రాన రుజువైనట్టు కాదు. డీఎన్ఏ పరీక్షలో బంధువులు కలిస్తే అది వేరే మాట, అప్పుడు రాసుకోవచ్చు. (మగవారి పేర్లు మాత్రమే ఎక్కించే మన వంశవృక్షాల సంగతి ఇక్కడ ఎత్తితే ఈ పోస్టు తెల్లవార్లూ సాగుతుంది, వదిలేద్దాం.)

పెద్దయ్యాక దీవి దాటిపోయినవారి కోసం సముద్రానికి అవతల, ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలోని విక్టోరియాలో వెతకాలి. 1851లో అక్కడ బంగారం బయటపడ్డాక టాస్మానియా నుంచి జనం పెద్దఎత్తున తరలిపోయారు. 1853 నుంచి విక్టోరియా మరణ ధ్రువపత్రాల్లో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, పిల్లల పేర్లు, వయసులు అడిగి రాసేవారు. ఆ వివరాలు చెప్పింది ఎవరో తప్పక చూడాలి, ఎందుకంటే అమ్మమ్మ ఖైదీ అన్న మాట పైకి రాకుండా ఊరి పేరు మార్చి చెప్పిన కొడుకులూ కూతుళ్లూ ఉంటారు.

ఖైదీ స్త్రీని తమ మూలపుటమ్మగా చెప్పుకునేవారిని నేను అడిగేది రెండే. ఆమె కన్న ప్రతి బిడ్డకూ, నర్సరీలో నాలుగు నెలలకే పోయిన బిడ్డకైనా సరే, పేరు దొరకకపోయినా సరే, పుట్టిన తేదీతో పోయిన తేదీతో విడిగా ఒక గడి ఇవ్వండి. తండ్రి పేరు ఏ కాగితంలోనూ లేకపోతే, డీఎన్ఏ కూడా తేల్చకపోతే, ఆ గడిని ఖాళీగా వదిలేయండి.