మూడు రాత్రుల మంకీ క్యాపు

సోమవారం పొద్దున్నే ఇది రాస్తున్నాను. గొంతు పోయింది, మెడ పట్టేసింది, చెవుల్లో ఈదురుగాలి హోరు. కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాక రాస్తే మర్యాదగా రాసేస్తానేమోనని ఈ తొందర.

మాది తాడేపల్లిగూడెం. జర్మనీలో, ఎస్సెన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. నాతో గదిలో ఉండే అన్నది కరీంనగర్. ఉద్యోగం ఉంది, జీతం ఉంది, అయినా జేబులోంచి ఒక్క యూరో బయటికి రావాలంటే తిథి, వారం చూసుకునే మనిషి. ఆయన చెయ్యి ధారాళంగా ఆడేది రెజ్లింగ్ దగ్గర ఒక్కటే. అదీ టీవీలో వచ్చే రెజ్లింగ్ కాదు, చిన్న చిన్న హాళ్లలో జరిగే ఇండిపెండెంట్ రెజ్లింగ్. నాకు రెజ్లింగ్ అంటే బళ్లో ఆడుకున్న ట్రంప్ కార్డులే. ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్. అంతకుమించి తెలీదు, తెలుసుకోవాలనీ లేదు.

"తమ్మీ, సిక్స్‌టీన్ క్యారెట్ గోల్డ్ ఉంది. మూడు రోజులు. నా దోస్తు వస్తలేడు, వాని టికెట్ ఖాళీగుంది, నువ్వు రా" అన్నాడు గురువారం రాత్రి.

నేను ముందు బంగారం చిట్టీ అనుకున్నాను. అందులోనూ 16 క్యారెట్లేమిటి? 22కి ఒక్కటి తగ్గినా మా అమ్మ దాన్ని ఇత్తడి కిందే జమకడుతుంది. తీరా చూస్తే అది పదహారు మంది రెజ్లర్ల నాకౌట్. డబ్ల్యూ ఎక్స్ డబ్ల్యూ అనే ఇక్కడి రెజ్లింగ్ కంపెనీ 2006లో మొదలుపెట్టింది. ఏటా మార్చిలో, మాకు పక్క ఊరైన ఒబర్‌హౌజెన్‌లో, టర్బినెన్‌హాలె అనే పాత టర్బైన్ల హాలులో జరుగుతుంది. శుక్రవారం 8 పోటీలు, శనివారం 4, ఆదివారం సెమీస్, ఫైనల్. లెక్క మా ఊరి సంక్రాంతి కబడ్డీ లెక్కే. టికెట్ ఊరికే అన్నాడని నేను అనుకున్నాను. ఖాళీగుంది అన్నాడే గానీ ఊరికే అనలేదని తర్వాత అర్థమైంది.

"ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు కదన్నా?" అని ఆ పిచ్చి ఉన్నవాళ్లని అడగకూడదు. అడిగాను. పావుగంట కూడా పట్టని ప్రయాణానికి రైలు యాభై నిమిషాలు ఆలస్యం. ఇక్కడ అది మామూలే, బోర్డు మీద పది పది నిమిషాలు కలుపుతూ పోతారు, మన ఆశ చావకుండా. ఆ యాభై నిమిషాలూ అన్న జవాబు చెబుతూనే ఉన్నాడు. ఇప్పుడు టీవీలో వచ్చే అమెరికా రెజ్లింగ్ డబ్ల్యూడబ్ల్యూఈలో గుంథర్ అని పిలిచే మనిషే 2010లో వాల్టర్ పేరుతో ఈ కప్పు కొట్టాడట. 2016లో జాక్ సేబర్ జూనియర్. 2017లో ఇల్యా డ్రాగునోవ్. అసలు ఈ దేశాల్లో దీన్ని "క్యాచ్" అనేవాళ్లట, హాంబర్గ్, హానోవర్, వియన్నాల్లో ఒకే చోట వారాల తరబడి రోజూ రాత్రి టోర్నమెంట్ నడిచేదట, మన సర్కస్ డేరా వేసినట్టు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నుంచి ఓటో వాన్జ్ అనే పహిల్వాను టెలిఫోన్ డైరెక్టరీలు చేత్తో చింపి, 1982లో అమెరికా వెళ్లి అక్కడి ఛాంపియన్‌ని కూడా పడగొట్టి వచ్చాడట. "గెలుపు ముందే అనుకుంటరు తమ్మీ, కింద పడుడు మాత్రం అనుకోని పడరు, నిజంగనే పడతరు" అన్నాడు. ఆ మాట బాగుంది. రైలు రాలేదు.

ఇక్కడ మా అమ్మ ప్రస్తావన తేవాలి. నాకు ఆ వారమంతా జలుబు, చెవిపోటు. వీడియో కాల్లో అమ్మ "చెవులు మూసుకుని వెళ్లరా" అని ఒట్టు వేయించుకుంది. నేను జర్మనీ వచ్చేముందు మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి వెళ్లినప్పుడు, అక్కడ అమ్మ బేరమాడి కొన్న మెరూన్ రంగు మంకీ క్యాపు ఉంది. నెత్తిన పసుపు కుచ్చు. మొహం కనపడ్డానికి ముందు వైపు ఒక్క కన్నం. మన దగ్గర తెల్లవారుజామున పాలవాడూ, వాకింగ్‌కి వెళ్లే తాతగారూ అదే పెట్టుకుంటారు, ఎవరూ ఏమనుకోరు. ఇక్కడ అది పెట్టుకుని బ్యాంకు ముందు నిలబడితే మనుషులు అవతలి ఫుట్‌పాత్ ఎక్కుతారు. హాలు గేటు దగ్గర టికెట్ చూసే ఆయన కూడా నా గడ్డం పట్టుకుని ఎడమకీ కుడికీ తిప్పి చూశాకే లోపలికి వదిలాడు.

లోపల కోట్లు దాచుకునే కౌంటరుంది. ఒక్కో జాకెట్‌కి రెండు యూరోలు. "ఎందుకు తమ్మీ, ఒళ్లో పెట్టుకుందాం" అన్నాడు అన్న. పెట్టుకుందాం అన్నది బహువచనం. ఒళ్లు మాత్రం నాది ఒక్కటే. రెండు జాకెట్లూ, దుప్పట్లలా, గడ్డం దాకా. చేతిలో ఆయన బీరు కప్పు, ఎందుకంటే ఆయన రెండు చేతులతో చప్పట్లు కొట్టాలి. ఆ ప్లాస్టిక్ కప్పుకి రెండు యూరోల డిపాజిట్, తిరిగిస్తే డబ్బు వాపసు. మాకు దొరికినవి రింగుకి రెండో వరసలో, దారి పక్క కుర్చీలు.

మొదటి రెండు పోటీలూ ఎలా జరిగాయో గుర్తులేదు. ఛాతీ మీద అరచేత్తో ఇచ్చే దెబ్బ ఒకటుంది, చాప్ అంటారు, అది మాత్రం గుర్తుంది. చాకిరేవులో బండ మీద తడిబట్ట బాదినట్టు ఆ హాలంతా మోగుతుంది. ఉత్తుత్తిది అనుకున్నవాడు ఆ చప్పుడు దగ్గర్నుంచి వింటే చాలు. కొట్టించుకున్నవాడి ఛాతీ మీద ఐదు వేళ్లూ ఎర్రగా తేలుతున్నాయి, ముద్ర కొట్టినట్టు.

మూడో పోటీలో విలన్ వచ్చాడు. పేరు రాయను, రాస్తే మా అన్న దీన్ని అతనికి పంపిస్తాడు. నూనె రాసుకున్న భుజాలు, బొడ్డు దాకా గడ్డం. రింగులోంచి బయటపడ్డారు ఇద్దరూ, అతనూ ఎదుటి హీరో. కొట్టుకుంటూ మా వైపే వస్తున్నారు. సెక్యూరిటీ అతను కోళ్లని తోలినట్టు రెండు చేతులూ ఊపాడు. దానర్థం ఇక్కడ అందరికీ తెలుసు: కుర్చీలొదిలి పక్కకి తప్పుకోవాలి. జనం ముందు బీరు కప్పులు తీసుకుని, తర్వాత పిల్లల్ని తీసుకుని, క్షణంలో మాయమయ్యారు. నేను లేవాలంటే ముందు రెండు జాకెట్లు లేవాలి. అన్న అప్పటికే నాలుగు వరసల అవతల ఉన్నాడు. పారిపోతూ ఆయన నాతో అన్న చివరి మాట: "కప్పు పడేయకు, డిపాజిట్ ఉంది!"

ఖాళీ కుర్చీల మధ్య నేనొక్కణ్ణే మిగిలాను. గడ్డం దాకా జాకెట్లు, నెత్తిన మంకీ క్యాపు, పైకెత్తి పట్టుకున్న కప్పు. హారతి పళ్లెం పట్టుకుని బస్సు కోసం చూస్తున్నవాడిలా.

హీరో ఒక్క తోపు తోశాడు. విలన్ వచ్చి సరిగ్గా అన్న కుర్చీలో పడ్డాడు. కుర్చీ కాలు వంగింది, మనిషి వంగలేదు. నా భుజానికి అతని భుజం తగిలింది, నూనే చెమటా కలిసి నా స్వెట్టర్‌కి అంటుకుంది. జనం బూతులు తిడుతున్నారు. ఆ గోలలో అతను నా వైపు వంగి, పెదాలు కదపకుండా, చాలా మెల్లగా "ఆలెస్ గుట్?" అన్నాడు. అంతా క్షేమమేనా అని. మా రూమ్మేట్ అడగని మాట, శత్రువుగా వచ్చినవాడు అడిగాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "గుట్, డాంకె" అన్నాను.

అంతే. కుశలం తెలుసుకున్నాడు గనక ఇక విలన్‌గా తన పని తాను చేసుకోవాలి కదా. కుచ్చు పట్టుకుని నా నెత్తి మీది మంకీ క్యాపు ఒక్క లాగు లాగి తన నెత్తికి తగిలించుకున్నాడు.

మంకీ క్యాపు పెట్టుకోవడం కూడా ఒక విద్య అని మనకి తెలీదు, పుట్టుకతో వచ్చేసింది గనక. ఆ మనిషికి రాదు. వెనకది ముందుకి పెట్టుకున్నాడు. కన్నం మెడ వెనక్కి పోయింది, మొహమంతా మెరూన్ ఊలు, గడ్డం లోపలికి ఇరుక్కుపోయింది. తీద్దామని పైకి లాగితే గడ్డం కూడా వస్తోంది. లోపల్నుంచి ఏదో మూలుగు. ఇది ముందే అనుకున్న ఆట కాదని ఎదుటివాడికి కూడా అర్థమైంది. కొడదామని ఎత్తిన చెయ్యి అలాగే గాల్లో ఉంచి రిఫరీ వైపు చూశాడు. రిఫరీ వచ్చి కుచ్చు పట్టుకుని గుంజుతున్నాడు. జనం లయగా "మ్యుట్సె! మ్యుట్సె!" అని అరవడం మొదలుపెట్టారు. మ్యుట్సె అంటే టోపీ.

కుచ్చు పట్టుకుని గుంజుతారా? నాకు ప్రాణం ఉసూరుమంది. మా అమ్మ కొన్నది. మంకీ క్యాపు పైనుంచి లాగకూడదు, మెడ దగ్గర్నుంచి చాప చుట్టినట్టు చుట్టుకుంటూ పైకి రావాలి. ఎక్కడలేని ధైర్యం వచ్చి, జాకెట్లు పడేసి, కప్పు మాత్రం పడేయకుండా లేచి నిలబడ్డాను. "రోలెన్! లాంగ్‌సామ్ రోలెన్!" అని అరిచాను. చుట్టండి, మెల్లగా చుట్టండి అని నా ఉద్దేశం. నా జర్మన్ బీవన్ స్థాయి, సర్టిఫికెట్ కూడా ఉంది.

రోలెన్ అంటే దొర్లడం కూడా. కళ్లు కనపడని ఆ మనిషికి దారి చెబుతున్నది నేనొక్కణ్ణే. దొర్లాడు. రింగు వైపు దొర్లాడు, తాళ్ల కింద నుంచి లోపలికి దొర్లాడు. వెనకాలే వెళ్లిన హీరో కాళ్లకి చుట్టుకున్నాడు. ఇద్దరూ బంతిలా చుట్టుకుపోయారు, హీరో భుజాలు రెండూ కిందకి ఆనాయి. రిఫరీ అలవాటు కొద్దీ రింగు నేల చరిచాడు. ఐన్స్, త్స్వై, డ్రై. ఒకటి, రెండు, మూడు. గంట మోగింది.

విలన్ గెలిచాడు. ఎలాగూ అతనే గెలవాల్సి ఉందేమో, నాకెవరూ చెప్పలేదు. హాలు మొత్తం మాత్రం నన్ను చూసింది. దగాకోరుకి సాయం చేసినవాణ్ణి నేను. ముందు వరసలో ఎనిమిదేళ్ల పిల్లాడు, మొహానికి నక్షత్రం రంగు వేసుకున్నవాడు, కుర్చీ ఎక్కి నిలబడి బొటనవేలు కిందకి చూపించాడు. ఏడుస్తున్నాడు. వాడికేసి చూసి నవ్వడానికి ప్రయత్నించాను. వాళ్లమ్మ వాణ్ణి తన వెనక్కి లాక్కుంది.

అన్న తిరిగొచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "నా జాకెట్ కింద ఎందుకున్నది?"

క్యాపుతోనే విలన్ లోపలికి వెళ్లిపోయాడు. శనివారం దాంతోనే వచ్చాడు, ఈసారి సరిగ్గా పెట్టుకుని. నిన్న తిట్టిన జనమే పాట కట్టి పాడారు, ఓ పదిమంది ఇంటి నుంచి టోపీలు కూడా తెచ్చుకున్నారు. ఆ రాత్రి ఓడిపోయాడు. నాకు మంచిదేగా, ఇక క్యాపుతో అతనికి పనిలేదు అనుకున్నాను.

ఆదివారం ఫైనల్లో ఎవరు గెలిచారో అన్నని అడగండి. నేను లైన్లో ఉన్నాను. ఇండిపెండెంట్ రెజ్లర్లు తమ టీ షర్టులు తామే బల్ల పెట్టుకుని అమ్ముకుంటారు, రింగులో వచ్చేదానితో పాటు అదీ వాళ్ల సంపాదన. మా విలన్ కూడా కళ్లజోడు పెట్టుకుని, ఫ్లాస్కులోంచి టీ తాగుతూ, చిల్లర లెక్కపెడుతూ కూర్చున్నాడు, అచ్చం మా ఊరి కిరాణా కొట్టు బాబాయిలా. బల్ల మధ్యలో నా క్యాపు. పక్కన అట్టముక్క మీద రాసి ఉంది: క్యాపుతో ఫొటో, 5 యూరోలు.

నలభై నిమిషాల తర్వాత నా వంతు. దారంతా వాక్యం బట్టీపట్టాను. నాకు నా టోపీ కావాలి. ఇహ్ విల్ మైనె మ్యుట్సె. అంతే కదా. వెనక ఇరవైమంది, ఎదురుగా అంత గడ్డం, నోరెండిపోయింది. "ఇహ్ విల్ మైనె ముట్టర్" అన్నాను.

ముట్టర్ అంటే అమ్మ.

ఇరవై ఆరేళ్ల వాణ్ణి, రెజ్లింగ్ హాలులో, నాకు మా అమ్మ కావాలి అన్నాను. అతను కళ్లజోడు తీశాడు. ఎక్కడుంది మీ అమ్మ అని అడిగాడు. ఇండియాలో అన్నాను, అబద్ధమాడలేను కదా. లేచి వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. వెనకనుంచి ఎవరో "ఓ..." అన్నారు. ఆ కౌగిలిలో ఊపిరాడక, వాక్యం సరిదిద్దుకునే లోపు, ఎవరో నా నెత్తిన క్యాపు పెట్టారు, ఫొటో తీశారు, క్యాపు తీసేశారు. ఐదు యూరోలు ఇచ్చాను. మొహమాటానికి టీ షర్టు కూడా కొన్నాను, డబుల్ ఎక్సెల్ మాత్రమే ఉందట.

ఫొటో అమ్మకి పంపించాను. "బంగారు తండ్రి, క్యాపు పెట్టుకున్నావు. పక్కనున్న ఆయన చూడు, చొక్కా కూడా లేదు, జలుబు చేయదూ" అంది.

ఇందాక అన్న ఆఫీసుకెళ్తూ లెక్కల యాప్‌లో నా పేర రాసిపోయాడు. మూడు రోజుల టికెట్, పూర్తి ధర. జాకెట్ డ్రైక్లీనింగ్. వెళ్లినవాడు మెట్ల దగ్గర్నుంచి మళ్లీ వెనక్కొచ్చి "తమ్మీ, ఆ కప్పేది, రెండు యూరోలు వస్తయి" అన్నాడు. తెలీదన్నాను.

అలమరలో, దేవుడి పటం వెనక ఉంది. ఇవ్వను.